చిన్న తీరపట్టణం పెరుగుతోంది: పక్కకా, పైకా, వెనక్కా?

మ్యాపు బల్ల మీద పరిచి ఉంటుంది. మధ్యలో పాత ఊరు, ఒక పక్కంతా నీలం, ఇంకో పక్క ఉప్పుటేరు, వెనక పొలాలు. వచ్చే ఇరవై ఏళ్లలో ఇంకో పది వేల మంది వస్తారట, వాళ్లని ఎక్కడ పెడదాం అన్నది ఆ రోజు చర్చ. ఎవరో ఒకరు పెన్సిల్ తీస్తారు. మొదటి గీత దాదాపు ప్రతిసారీ ఒకే దిక్కుకు పోతుంది, తీరం వెంబడి. సముద్రం కనిపించే స్థలానికి గిరాకీ ఎక్కువ, నేల చదునుగా ఉంటుంది, రోడ్డు ఎలాగూ ఉంది. ఆ గీతను ఎందుకు చెరపాలో, చెరిపాక ఎటు గీయాలో తేల్చుకోవడానికే ఈ పోలిక.

ఇది ఇంజనీర్ల కోసం రాసింది కాదు. వార్డు సభ్యులకు, ఊరి కమిటీల్లో కూర్చునేవాళ్లకు, ముసాయిదా ప్లాను చూసి అభ్యంతరం రాయాలనుకునే మామూలు జనానికి. మహానగరం ఒక తప్పు చేస్తే పన్నుల డబ్బుతో ఎలాగో సర్దుకుంటుంది. ఇరవై వేల జనాభా ఉన్న ఊరికి ఆ వెసులుబాటు లేదు.

దేంతో కొలవాలి?

ఖర్చుతోనో, ఇంటి పన్ను ఆదాయంతోనో పోల్చడం అలవాటు. ఆ రెండూ అవసరమే గానీ, అసలు కొలబద్ద వేరే ఉందని నా ఉద్దేశం. మన అంచనా తప్పిందని తేలితే దిద్దుకోవడానికి ఎంతవుతుంది? ప్రతి ఎంపికనూ ముందు ఈ ప్రశ్న అడగాలి.

ఎందుకంటే ఇక్కడ రెండు అంచనాలూ ఊగుతూనే ఉంటాయి. మొదటిది జనాభా. ఏటా 2 శాతం పెరిగే ఊరు రెట్టింపు కావడానికి 35 ఏళ్లు పడుతుంది. 3.5 శాతం పెరిగితే 20 ఏళ్లు చాలు. కాగితం మీద ఒకటిన్నర శాతం తేడా, నేల మీద పదిహేనేళ్ల తేడా. చిన్న ఊళ్లో ఒక కొత్త రహదారి గానీ, ఒక కాలేజీ గానీ, ఒక ఫ్యాక్టరీ మూతపడటం గానీ ఈ అంకెను తలకిందులు చేసేస్తుంది. ఇంటి నుంచే ఉద్యోగం చేసే పద్ధతి వచ్చాక నగరం వదిలి సముద్రం పక్కకి చేరిన కుటుంబాల్ని 2019కి ముందు వేసిన ఏ ప్లానూ ఊహించలేదు.

రెండోది సముద్రం. 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సగటున సముద్ర మట్టం 20 సెంటీమీటర్లు పెరిగింది. 2021లో వాతావరణ మార్పుల అంతర్‌ప్రభుత్వ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, 2100 నాటికి 1995-2014 నాటి సగటు మట్టం కంటే 28 నుంచి 55 సెంటీమీటర్లు పెరగొచ్చు. అది ఉద్గారాలు బాగా తగ్గిస్తే. తగ్గించకపోతే 63 సెంటీమీటర్ల నుంచి మీటరు పైదాకా. తీరానికి ఈ రెంటి మధ్య తేడా చాలా పెద్దది. పైగా ఇవి ప్రపంచ సగటులు. మీ నేల కుంగుతుంటే మీ అంకె ఇంకా పెద్దది.

వేల్స్‌లో ఫెయిర్‌బోర్న్ అనే చిన్న ఊరుంది. 19వ శతాబ్దం చివర్లో సముద్రం పక్కనున్న పల్లపు నేలలో విడిది గ్రామంగా మొదలైంది. ఆ తీరాన్ని దాదాపు 2054 వరకే కాపాడతామని, తరవాత ఊరు ఖాళీ చేయాల్సి రావచ్చని తీర నిర్వహణ ప్రణాళికలో రాశారు. నీళ్లు ఇళ్లలోకి రాకముందే ఇళ్ల ధరలు పడిపోయాయి, బ్యాంకులు అప్పివ్వడానికి వెనకాడాయి. ఆ సంవత్సరం మీద తరవాత చాలా వాదనలు నడిచాయి. వాదన ఎటు తేలినా అక్కడ ఇల్లు కొన్నవాళ్ల నష్టం మాత్రం అలాగే ఉంది. దిద్దుకోలేని నిర్ణయమంటే అదీ.

ఎంపికకు ముందు వేసుకోవాల్సిన లెక్కలు

జనాభా లెక్కల్లో కనిపించే అంకెతో ప్లాను వేయకండి. తీరపట్టణానికి రెండు జనాభాలుంటాయి, ఏడాది పొడవునా ఉండేవాళ్లు, సీజన్‌లో వచ్చి పోయేవాళ్లు. ఉదాహరణకి 20 వేలమంది నివాసులున్న ఊళ్లో రద్దీ వారంలో 50 వేలమంది ఉన్నారనుకుందాం. పైపులు, పంపులు, మురుగు శుద్ధి కేంద్రం ఆ 50 వేలకు సరిపోవాలి. పన్ను కట్టేది మాత్రం 20 వేలమందే. ఈ తేడాను ఎవరు భరిస్తారో తేల్చకుండా ఎన్ని గీతలు గీసినా ఆ ఊరి పద్దు లోటులోనే ఉంటుంది.

తరవాత నీళ్లు. మనిషికి రోజుకు 120 లీటర్లు అనుకుంటే, కొత్తగా వచ్చే పది వేలమందికి రోజుకు 12 లక్షల లీటర్లు కావాలి. అందులో సుమారు 80 శాతం మురుగుగా తిరిగొస్తుంది, అంటే 9.6 లక్షల లీటర్లు. రావడం ఒక సమస్య, పోవడం ఇంకో సమస్య.

రావడం సంగతి ముందు. తీరంలో భూగర్భ మంచినీళ్లు ఉప్పునీటి మీద తేలుతుంటాయి. ఇద్దరు ఐరోపా పరిశోధకులు, ఘైబెన్, హెర్జ్‌బెర్గ్, నూరేళ్లకు పైగా కిందటే ఈ లెక్క తేల్చారు. భూగర్భ మంచినీటి మట్టం సముద్ర మట్టం కంటే 1 మీటరు ఎత్తులో ఉంటే, దాని కింద దాదాపు 40 మీటర్ల లోతు దాకా మంచినీళ్లు నిలుస్తాయి. తిరగేసి చదివితేనే ఇందులో ప్రమాదం తెలుస్తుంది. బోర్లతో తోడి ఆ మట్టాన్ని అర మీటరు దించేస్తే, కాలక్రమంలో కింది ఉప్పునీరు 20 మీటర్లు పైకి ఎగబాకుతుంది. ఒకసారి ఉప్పెక్కిన బోరులో మళ్లీ మంచినీళ్లు రావడానికి ఏళ్లు పట్టొచ్చు. కొత్త లేఅవుట్‌లో ఇంటికో బోరు వేసుకోనిస్తే ఆ లేఅవుట్ ఒక్కదానికే కాదు, పాత ఊరి బావులకూ అదే గతి.

సముద్రపు నీటినే శుద్ధి చేసుకోవచ్చు కదా అంటారు. చేసుకోవచ్చు. వెయ్యి లీటర్లకు సుమారు 3 నుంచి 4 యూనిట్ల కరెంటు కాలుతుంది. పై 12 లక్షల లీటర్లకు రోజుకు 3,600 నుంచి 4,800 యూనిట్లు. తోడిన నీళ్లలో సగానికి పైగా మరింత ఉప్పగా మారి తిరిగి సముద్రంలోకే పోతాయి, వాటిని వలలు వేసే చోట వదలకూడదు. కరువేడాదికి ఆసరాగా సరే, రోజువారీ ఆధారంగా పెట్టుకుంటే చిన్న ఊరికి ఆ కరెంటు బిల్లు మోయడం కష్టం.

ఇక పోవడం. వాననీటి కాలువల చివరి తూము సముద్ర మట్టానికి దగ్గరగా ఉంటుంది. పోటు సమయంలో అది మునుగుతుంది, లోపలి నీళ్లు బయటికి పోవు. అదే సమయంలో పెద్దవాన పడితే వీధులు చెరువులవుతాయి. సముద్రం పది సెంటీమీటర్లు పెరిగినా ఈ తూము మునిగి ఉండే గంటలు పెరుగుతాయి. తీరం కోత గురించి అందరూ మాట్లాడతారు గానీ, చాలా ఊళ్లకు మొదటి దెబ్బ అలల నుంచి రాదు, ఈ తూములోంచి వస్తుంది.

పక్కకి: తీరం వెంబడి సాగడం

పది వేలమందికి, ఇంటికి నలుగురి లెక్కన, 2,500 ఇళ్లు కావాలి. రోడ్లు, పార్కులు, బడి అన్నీ కలిపి హెక్టారుకు 25 ఇళ్లు పడతాయనుకుంటే 100 హెక్టార్లు. ఇదే నేలను తీరం వెంట 200 మీటర్ల వెడల్పు పట్టీగా పరిస్తే 5 కిలోమీటర్ల పొడవు వస్తుంది. ఊరి వెనక చదరంగా పరిస్తే కిలోమీటరుకి కిలోమీటరు. నేల అదే, జనం అదే. కానీ పట్టీలో ప్రధాన పైపు 5 కిలోమీటర్లు, చెత్త బండి రానూపోనూ 10 కిలోమీటర్లు, బడికి నడిచే పిల్లలు ఉండరు, సముద్రం ముందుకొస్తే కాపాడుకోవాల్సిన అంచు కూడా 5 కిలోమీటర్లు.

ఆ అంచుకి గోడ కడదామన్న ఆలోచన వెంటనే వస్తుంది. గోడ తన వెనకున్న నేలను కాపాడుతుంది గానీ, ముందున్న ఇసుకను నిలపదు. గోడ ఆగిన చోట పక్క తీరం కోసుకుపోతుంది, అప్పుడు అక్కడివాళ్లూ గోడ అడుగుతారు. అందులో అంతకంటే లోతైన ప్రమాదం భరోసా. జపాన్‌లోని తారో ఊరికి 10 మీటర్ల ఎత్తు, 2.4 కిలోమీటర్ల పొడవు గోడ ఉండేది. 1933 సునామీ తరవాత మొదలుపెట్టి దశాబ్దాలపాటు కట్టారు. 2011 మార్చిలో సముద్రం దాన్ని దాటి లోపలికొచ్చింది. అదే తీరంలో అనేయోషి అనే పల్లెలో, ఈ రాయికి దిగువన ఇళ్లు కట్టొద్దని పెద్దలు ఒక శిల నాటారు. ఆ మాట విన్నందుకు 2011లో ఇళ్లు మిగిలాయి. గోడ ఖర్చుతో ఆ రాయి ఖర్చును పోల్చి చూడండి.

దిద్దుబాటు ఖర్చు సంగతికొస్తే, ఇక్కడ పోల్చే ఐదు ఎంపికల్లోకీ (పక్కకి, పైకి, వెనక్కి, కొత్త ఊరు, పెరుగుదల ఆపేయడం) ఇది అధ్వానం. అమెరికాలో లూసియానా తీరాన ఐల్ డి జీన్ చార్లెస్ అనే దీవి కరిగిపోతుంటే, అక్కడి కొద్ది పదుల కుటుంబాల్ని లోపలికి తరలించడానికి 2016లో 4.8 కోట్ల డాలర్లు కేటాయించారు. కొత్త ఇళ్లలోకి వాళ్లు చేరడం మొదలైంది 2022లో. మన పట్టీలో ఉండబోయేది 2,500 కుటుంబాలు.

చట్టాలు కూడా ఈ గీతకు అడ్డుపడుతూ వచ్చాయి. ఫ్రాన్స్ 1986లో తెచ్చిన తీర చట్టం, ఇప్పటికే ఊరున్న చోట తప్ప, తీరం నుంచి 100 మీటర్లలో కట్టడాన్ని నిషేధించింది. కొత్త ప్రయాణ రహదారులు తీరానికి కనీసం 2 కిలోమీటర్ల దూరాన ఉండాలంది. భారతదేశంలో 1991 నోటిఫికేషన్ పోటు గీత నుంచి 500 మీటర్లను నియంత్రణ పరిధిలోకి తెచ్చింది. న్యూజిలాండ్ 2010 తీర విధానం కనీసం నూరేళ్ల ముప్పును లెక్కలోకి తీసుకోమంటుంది. ఫ్రాన్స్ చట్టంలో నాకు బాగా నచ్చేది రోడ్డు నియమం. ఇళ్లను ఆపినా తీరం పక్కన పెద్ద రోడ్డు వేశామా, పదేళ్లలో ఇళ్లే వెతుక్కుంటూ వస్తాయి.

ఒక్క మినహాయింపు ఉండి తీరాలి. పడవ, వల, చేపలు ఎండబెట్టే జాగా ఉన్నవాళ్లు తీరం మీదే బతకాలి. వాళ్లను రక్షణ పేరుతో రెండు కిలోమీటర్లు లోపలికి పంపి, ఖాళీ అయిన నేలలో రిసార్టుకి అనుమతిచ్చే ప్లాన్లు కాగితం మీద చక్కగా కనిపిస్తాయి. నీటి పక్కన ఉంటే తప్ప సాగని పనికే తీరం మీద మొదటి హక్కు అన్న సూత్రం పైన చెప్పిన ఫ్రాన్స్ చట్టంలో ఉంది, కాలిఫోర్నియా 1976 తీర చట్టంలోనూ ఉంది. మీ ప్లానులో ఆ వాక్యం ఉందో లేదో చూడండి.

పైకి: పాత ఊళ్లోనే అంతస్తులు

పాత ఊరు సాధారణంగా మెరక మీదే ఉంటుంది. మొదట వచ్చినవాళ్లు మంచి నేల చూసుకునే దిగారు మరి. వెయ్యి ఇళ్ల మీద ఒక్కో అంతస్తు లేచినా వెయ్యి కుటుంబాలకు గూడు దొరుకుతుంది, ఒక్క గుంట పొలం పోదు. వీధులు, బడి, బజారు అన్నీ నడిచే దూరంలోనే ఉంటాయి. అందుకే పెరుగుదలలో మొదటి వాటా ఇటే రావాలని నా మొగ్గు.

అయితే ఎన్ని అంతస్తులు? మూడు, మహా అయితే నాలుగు. కారణం వీక్షణమో అందమో కాదు, ఉప్పు. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి ఇంకి లోపలి ఇనుమును తింటుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటు పెళ్లలుగా రాలుతుంది. రెండంతస్తుల ఇంటి యజమాని దాన్ని తానే బాగు చేయించుకుంటాడు. నూరు కుటుంబాలు కలిసి ఉండే భవనంలో ప్రతి మరమ్మతూ ఒక మీటింగు, ప్రతి మీటింగూ ఒక వాయిదా. ఫ్లోరిడాలో సర్ఫ్‌సైడ్ ఒక చిన్న తీరపట్టణం. అక్కడ 1981లో కట్టిన 12 అంతస్తుల భవనం 2021 జూన్ 24న కూలి 98 మంది చనిపోయారు. కాంక్రీటు బాగా దెబ్బతిన్నదని 2018లోనే ఇంజనీరు నివేదిక ఇచ్చాడు. ఖర్చు ఎంత, ఎవరు భరించాలన్న చర్చలోనే ఏళ్లు గడిచాయి. ఎత్తయిన భవనాన్ని నిలబెట్టే నిర్మాణ నైపుణ్యం ఎక్కడైనా దొరుకుతుంది. దాన్ని యాభై ఏళ్లు తనిఖీ చేసే యంత్రాంగం మీ మున్సిపాలిటీలో ఉందా అన్నది చూసుకోవాలి.

దీనికి ఎదురు ఉదాహరణా ఉంది, దాచడం న్యాయం కాదు. స్పెయిన్‌లోని బెనిడార్మ్ 1956 ప్లానుతో మొదలుపెట్టి పైకే పెరిగింది, ఆకాశహర్మ్యాల ఊరైంది. తక్కువ నేలలో ఎక్కువ మంది ఇమిడారు, చుట్టూ కొండలు మిగిలాయి. వేసవిలో జనం నివాసులకు ఎన్నో రెట్లు అవుతారు. దాన్ని చూసి పెదవి విరిచేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, ఆ జనమంతా చిన్న ఇళ్లుగా పరుచుకుని ఉంటే ఆ తీరం ఇప్పుడు ఎంత దూరం సిమెంటయ్యేదో ఊహించండి. కానీ అది ఇప్పుడు చిన్న పట్టణం కాదు. విహారమే వృత్తిగా ఎంచుకున్న ఊరి దారి అది.

పైకి వెళ్లే ముందు భూమి కింద చూడాలి. యాభై ఏళ్ల కిందటి పైపు మీద రెట్టింపు జనాన్ని పెడితే మొదట పగిలేది మురుగు లైను. అంతస్తుకి అనుమతి ఇచ్చేటప్పుడు వసూలు చేసే రుసుము ఆ వీధి పైపులకే ఖర్చవ్వాలని తీర్మానంలో రాయించుకోండి. లేకపోతే అది దీపాల స్తంభాలకో, స్వాగత ద్వారానికో పోతుంది.

వెనక్కి: ఊరిని ఆనుకుని లోపలికి

ఎక్కువ ఊళ్లకు నేను సూచించేది ఇదే, పైకి వెళ్లగా మిగిలిన జనానికి. పైపులు పొడవు పెరగవు, తీరం అంచు పెరగదు, సముద్రం అనుకున్న దానికంటే వేగంగా వస్తే ఆలోచించుకోవడానికి వ్యవధి ఉంటుంది. పెరుగుదల నెమ్మదిస్తే రెండో విడత లేఅవుట్ ఆపేయొచ్చు, ఆ నేల పొలంగానే ఉంటుంది. దిద్దుకోవడం తేలిక.

కానీ "వెనక" అన్న మాట మోసం చేస్తుంది. తీరంలో ఇసుక దిబ్బ ఎత్తుగా ఉండి, దాని వెనక నేల పల్లంగా ఉండటం మామూలే. సముద్రం నుంచి కిలోమీటరు లోపలికి వచ్చామని ధీమాగా ఉంటాం, నిజానికి దిబ్బ మీదున్న ఇంటికంటే మనం రెండు మీటర్లు కింద ఉంటాం. తుపాను ఉప్పెన దిబ్బ దాటి రానక్కర్లేదు, ఉప్పుటేరులోంచి చుట్టూ తిరిగి వెనక నుంచి వస్తుంది. దూరం కొలిచే మ్యాపు కాదు, ఎత్తు కొలిచే మ్యాపు అడగండి. ప్రతి అర మీటరుకో గీత ఉన్నది దొరికితే మంచిది. పది మీటర్ల లోపు ఎత్తున్న తీరభూమి ప్రపంచ నేలలో 2 శాతమే. జనాభాలో సుమారు 10 శాతం దాని మీదే ఉన్నారని 2007లో ఒక పరిశోధన తేల్చింది. మీ కొత్త కాలనీ ఆ పదిలో ఏ మీటరు మీద ఉందో తెలియకుండా సంతకం పెట్టకండి.

ఇంకో చిక్కు బైపాస్ రోడ్డు. ఊరి వెనక నుంచి పోయే ఎత్తయిన రోడ్డు తెలియకుండానే కరకట్ట అవుతుంది. పైనుంచి వచ్చే వాననీళ్లు దాని దగ్గర ఆగి కొత్త కాలనీని ముంచుతాయి. కల్వర్టులు ఎన్ని, ఎంత వెడల్పు అన్నది రోడ్డు టెండరు నాడే తేలాలి, మొదటి వరద తరవాత కాదు. మడ అడవి, చిత్తడి నేల, పాత చెరువు, ఇవి "ఖాళీ జాగా" అని రాసి ఉన్న మ్యాపు కనిపిస్తే ఆ మ్యాపునే పక్కన పెట్టండి.

పొలం పోతుందన్న బాధ నిజమైనదే. దానికి జవాబు సాంద్రత. అదే 2,500 ఇళ్లు హెక్టారుకు 50 చొప్పున కట్టుకుంటే 50 హెక్టార్లు చాలు. మూడంతస్తులతో అది ఇరుకేమీ కాదు.

కొత్త ఊరే కడితే?

పదేసి కిలోమీటర్ల అవతల మెరక మీద ఉపపట్టణం. మంత్రులకు, డెవలపర్లకు నచ్చే ఎంపిక, శంకుస్థాపన ఘనంగా ఉంటుంది. చిన్న ఊరు తనంతట తాను దీన్ని మోయలేదు. అన్నీ రెండోసారి కట్టాలి, ట్యాంకు, బడి, ఆసుపత్రి, బస్టాండు. ఉద్యోగాలు పాత ఊళ్లోనే ఉంటే రోజూ రెండు పూటలా రోడ్డు నిండుతుంది.

ఫ్రాన్స్ ప్రభుత్వం 1963లో మధ్యధరా తీరాన ఇలాంటి పెద్ద పని తలపెట్టింది. దోమల చిత్తడి నేలలో లా గ్రాండ్ మోట్ అనే పట్టణాన్ని మొదటి నుంచీ కట్టింది. పిరమిడ్ల ఆకారపు భవనాలు, చెట్లు, చూడముచ్చటగా ఉంటుంది. ఏడాదంతా ఉండేవాళ్లు పది వేల లోపే, వేసవిలో లక్ష దాటుతారు. విడిది కోసం కట్టారు, విడిదిగా నిలిచింది. ఊరవ్వడం వేరే సంగతి. పక్కనే రైలు స్టేషనున్న పాత పల్లె ఏదైనా ఉంటే దాన్ని పెంచడం, శూన్యంలో కొత్తది కట్టడం కంటే ఎప్పుడూ నయం.

ఇక చాలు అని గేటు వేయడం

కాలిఫోర్నియాలో బొలినాస్ అనే ఊరు 1971లో కొత్త నీటి కనెక్షన్లు ఆపేసింది. దాదాపు 580 నీటి మీటర్ల దగ్గర గీత గీసింది, అర్ధశతాబ్దం దాటినా ఆ గీత అలాగే ఉంది. రహదారి మీద ఊరి పేరున్న బోర్డుల్ని కూడా అక్కడివాళ్లు పీకేస్తుండేవారు, బయటివాళ్లకు దారి తెలియకూడదని! ఊరు పెరగలేదు, పొలాలూ దిబ్బలూ మిగిలాయి. ఒక మీటరు వేలానికి వస్తే 3 లక్షల డాలర్ల పైన పలికింది. ఇల్లు కాదు, నీటి మీటరు. ఆ ఊళ్లో పనిచేసే టీచరు, మెకానిక్ ఎక్కడ ఉండాలో ఈ విధానం చెప్పదు.

అలాగని గీత అనేదే చెడ్డదని కాదు. ఆరెగన్ రాష్ట్రం 1973 చట్టంతో ప్రతి పట్టణాన్నీ ఒక పెరుగుదల హద్దు గీసుకోమంది, ఆ హద్దు లోపల సుమారు 20 ఏళ్లకు సరిపడా నేల ఉంచుకోమంది. బొలినాస్ గీత జనాన్ని ఆపుతుంది, ఆరెగన్ గీత జనానికి ఎక్కడుండాలో చెబుతుంది. నీళ్లు నిజంగా లేని ఊరు మొదటిది వాడుకోవచ్చు, అదీ నీళ్లు దొరికేదాకా. మిగతావాళ్లకు రెండోదే.

ఎక్కడ అన్నది సరే, ఎవరికి?

పై ఎంపికల్లో ఏది పట్టుకున్నా, కట్టిన ఇళ్లలో మనుషులు ఉండకపోతే జనాభా ప్లాను వృథా. ఇంగ్లండ్‌లోని సెయింట్ ఐవ్స్ 2016లో జనవాక్యం పెట్టింది. కొత్త ఇళ్లు శాశ్వత నివాసులకే అన్న నియమానికి 80 శాతానికి పైగా ఓటేశారు. నియమం మంచిదే, కానీ అది కొత్త ఇళ్లకే వర్తిస్తుంది. విడిది ఇల్లు కావాలనుకున్నవాళ్లు పాత ఇళ్ల వైపు తిరగడానికి అడ్డేమీ లేదు. ఆస్ట్రేలియాలో బైరన్ ఇంకో తలుపు మూసింది. 2024 సెప్టెంబరు నుంచి అక్కడ చాలా ప్రాంతాల్లో యజమాని ఉండని ఇంటిని ఏడాదికి 60 రోజులకు మించి పర్యాటకులకు అద్దెకివ్వకూడదు. రెండింటిలో ఒకటే ఎంచుకోమంటే నేను బైరన్ దారినే ఎంచుకుంటాను. ఇప్పటికే ఉన్న ఇళ్లను అది ఊరికి తిరిగిస్తుంది, పనిచేయకపోతే రేపు రద్దు చేయొచ్చు.

వచ్చేవాళ్ల వయసూ చూడాలి. సముద్రం పక్కన విశ్రాంతి కోరి వచ్చేవాళ్లలో పదవీ విరమణ చేసినవాళ్లు ఎక్కువ. బడి గదులకు బదులు ఆసుపత్రి పడకలు కావాల్సి రావచ్చు. తీరప్రాంతాల ఆరోగ్యం మీద ఇంగ్లండ్ ముఖ్య వైద్యాధికారి 2021 నివేదిక ప్రధానంగా ఎత్తిచూపిన సమస్యల్లో ఇదొకటి, వృద్ధులు ఎక్కువ, డాక్టర్లు తక్కువ.

మీ ఊరికి ఏది?

పాత ఊరు మెరక మీదుండి, నీళ్లు బయటి నది నుంచో రిజర్వాయరు నుంచో వస్తుంటే ముందు పైకి, తరవాత వెనక్కి. ఊరంతా బోర్ల మీదే బతుకుతుంటే, వేరే నీటి వనరు ఖాయమయ్యేదాకా కొత్త లేఅవుట్లు ఆపండి, ఉన్న ఇళ్లలో ఖాళీలు నింపండి. పాత ఊరే పల్లంలో ఉంటే అంతస్తులకు అనుమతి ఇవ్వడం జనాన్ని ముంపులోకి పిలవడమే అవుతుంది. అక్కడ కొత్తవి వెనక మెరక మీద, పాతవి మరమ్మతులతో సరి. చుట్టూ ఎటు చూసినా పల్లమే, వెనక ఉప్పుటేరే అయితే, పొరుగున ఉన్న లోపలి పట్టణంతో కలిసి ఉమ్మడి ప్లాను అడగాలి. అది ప్రతిష్ఠ పోయే పనేమీ కాదు. తీరం వెంబడి పట్టీగా సాగడం మాత్రం ఈ నాలుగు పరిస్థితుల్లో దేనికీ సమాధానం కాదు.

ఏది ఎంచుకున్నా ప్లానును తేదీలకు కాకుండా సంకేతాలకు ముడిపెట్టండి. లండన్‌ను కాపాడే థేమ్స్ ముఖద్వార ప్రణాళికను 2012లో అలాగే రాసుకున్నారు. ఫలానా సంవత్సరం అని కాకుండా, నీటిమట్టం ఇంతకు చేరితే ఈ పని మొదలవుతుంది అని. చిన్న ఊరికి అంత పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. మున్సిపాలిటీ గోడ మీద మూడు అంకెలు రాసి, ఏడాదికోసారి మారుస్తూ ఉంటే చాలు. ఊరి చివరి బావిలో ఉప్పు ఎంత, ఏడాదిలో ఎన్ని రోజులు తూము మూసుకుపోయి వీధిలో నీళ్లు నిలిచాయి, సీజన్ కాని నెలలో కరెంటు మీటరు కదలని ఇళ్లు ఎన్ని. మొదటి అంకె పెరిగితే కొత్త బోర్లకు అనుమతి ఆగాలి. రెండోది పెరిగితే ఆ వీధిలో కొత్త అంతస్తులు ఆగాలి. మూడోది పెరిగితే కొత్త నేల తెరవకముందు ఆ తాళాలు తెరిపించే దారి చూడాలి. ఏ అంకె ఎంత దాటితే ఏ పని ఆగుతుందో ప్లాను ఆమోదించే రోజునే మినిట్స్‌లో రాయించండి. స్థలం అమ్ముడుపోయాక ఆ వాక్యం రాయడానికి ఎవరూ ఒప్పుకోరు.